సావానే వెనక్కి తీసుకున్న సంతకం

మా పెద్దమ్మ సావానే వాలేయ్ తన పేరు రాసేటప్పుడు చివరి అక్షరానికి తోక పెడుతుంది. పెన్ను ఎత్తకుండా ఆ తోకను వెనక్కి తిప్పి, పేరు మొత్తం కింద గీతలా లాగుతుంది. బోర్డింగ్ స్కూల్లో రష్యన్ టీచరమ్మ అది తప్పని ఎన్నిసార్లు వేళ్ళ మీద కొట్టినా మానలేదట. ఆ తోక వల్లనే 2011 మే నెలలో, తన దుప్పులు ఈనే గుట్ట మీద ఒక సర్వేయరు చూపించిన కాగితంలో తన సంతకాన్ని ఆవిడ ఒక్క చూపులో గుర్తుపట్టింది.

ఆ కాగితాన్ని ఆవిడ చేతికిచ్చి సంతకం పెట్టించింది నేనే.

నా పేరు అనీస్య. మాది రష్యా ఉత్తరపు కొసన ఉన్న సిద్యయాఖా ఊరు. మా నేనెట్స్ వాళ్ళలో కొందరు ఊళ్ళలో ఇళ్ళు కట్టుకుని ఉంటారు, కొందరు మందల వెంట టండ్రాలో తిరుగుతూ ఉంటారు. నేను ఊరి మనిషిని. అప్పట్లో పాలనా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేదాన్ని. మా అమ్మకు అక్క అయిన సావానే పెద్దమ్మ మాత్రం ఊళ్ళో నాలుగు రోజులుంటే ఊపిరాడదనేది. ఆవిడ, యెఫీం పెదనాన్న, ఏడువందల మంచుదుప్పులు, మూడు కుక్కలు, ఒక తోలు గుడారం. చలికాలం అడవి అంచున, వేసవి సముద్రం ఒడ్డున. మధ్యలో ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా నేసేదా గుట్ట.

నేసేదా అంటే ఆడదాని గుట్ట. దాని దక్షిణపు వాలులో మంచు ముందుగా కరుగుతుంది, గాలి తగలదు, దుప్పులు మేసే తెల్లనాచు మందంగా పెరుగుతుంది. మా మందలు ఎన్ని తరాలుగా అక్కడ ఈనుతున్నాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ రోజుల్లో గుట్ట దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడరు. కట్టెలు కొట్టాలన్నా దూరంగా పోయి కొట్టుకొస్తారు. కొత్తగా ఈనిన దుప్పి బెదిరితే దూడను వదిలేసి పరిగెడుతుంది. వదిలిన దూడ దగ్గరికి అది తిరిగి రావడం అరుదు.

పెద్దమ్మ సంగతి చెప్పాలంటే మా తాత యెగోర్ సంగతి కూడా చెప్పాలి. 1967లో ఆయన దగ్గరికి భూగర్భశాస్త్రజ్ఞులు వచ్చారు. గడ్డాలు పెంచుకున్న కుర్రవాళ్ళు, నవ్వుతూ మాట్లాడేవాళ్ళు, పిల్లలకు మిఠాయి పంచేవాళ్ళు. యంత్రం నిలబెట్టడానికి బురద లేని గట్టినేల కావాలన్నారు. మా తాత వాళ్ళను తన స్లెడ్జి బండి మీద ఎక్కించుకుని, సరస్సు పక్కనున్న ఎత్తైన మిట్టకు తీసుకెళ్ళి చూపించాడు. వాళ్ళు ఆయనకు ఒక రేడియో ఇచ్చారు. అక్కడ వాళ్ళు తవ్విన చమురు బావి రెండేళ్ళకు పేలింది. చలికాలమంతా మండింది. పదమూడేళ్ళ పెద్దమ్మ సెలవులకు ఇంటికి వచ్చేసరికి మంచు నల్లగా ఉంది. వసంతంలో తిరిగొచ్చిన బాతులు ఆ వెలుగు చుట్టూ తిరిగి తిరిగి మంటలో పడిపోయేవట. సరస్సులో చేపలు కిరోసిన్ వాసన వేసి, కుక్కలు కూడా ముట్టలేదు.

మా తాతను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ సరస్సు మాట ఎవరెత్తినా ఆయన వెంటనే, "చూపించింది నేనే," అనేవాడు. అడిగినా అనేవాడు, అడక్కపోయినా అనేవాడు. ముసలితనంలో మతి తప్పాక నన్ను చూసి మా అమ్మ అనుకునేవాడు గానీ, ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

అందుకే పెద్దమ్మ బయటివాళ్ళకు దారి చూపించేది కాదు. కొత్త ఆయిల్ కంపెనీ మనుషులు మొదటిసారి గుడారానికి వచ్చినప్పుడు టీ పోసింది, గడ్డకట్టిన చేపను చెక్కులుగా కోసి పెట్టింది. వాళ్ళు తిని, "గుట్టకి ఏ వైపునుంచి బండి ఎక్కుతుందమ్మా?" అని అడిగారు.

"నాకు చూపు ఆనదు బాబూ. దగ్గరిదే కనపడదు, దూరానిది ఏం చెప్పను?" అంది. అని, వాళ్ళు చూస్తుండగానే సన్నటి సూదిలో దుప్పి నరం దారాన్ని ఒక్క పోటుకి ఎక్కించి బూటు కుట్టుకోవడం మొదలుపెట్టింది. యెఫీం పెదనాన్న నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడట.

2011 మార్చిలో దుప్పుల పండుగకు మందలవాళ్ళందరూ ఊళ్ళోకి వచ్చారు. బండి పందాలు, ఉచ్చుతాడు పందాలు అయ్యాక, మర్నాడు క్లబ్బులో కంపెనీవాళ్ళు సభ పెట్టారు. గ్లేబ్ అర్కాద్యెవిచ్ అనే ఆయన మాట్లాడాడు. జనంతో మంచిగా మెలగడమే ఆయన ఉద్యోగం. తెర మీద బొమ్మలు వేశాడు. పచ్చటి నేల, నీలం ఆకాశం, మధ్యలో ఒక చిన్న బావి. "ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ఒకరినొకరు తెలుసుకోవడానికే ఈ సభ," అన్నాడు. గుమ్మం దగ్గర పిండి, టీ, గట్టిపాల డబ్బాలు ఉన్న సంచులు వరసగా పెట్టి ఉన్నాయి.

మా పెద్దాఫీసరు నాకు గీతలు కొట్టిన కాగితాలు ఇచ్చి, వరసల మధ్య తిప్పమన్నాడు. నేను పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కాగితాన్ని తిప్పి వెనక చూసింది, మళ్ళీ ముందు చూసింది.

"ఇదేంటే?"

"హాజరు పెద్దమ్మా. వచ్చినవాళ్ళ పేర్లు."

"పైన ఏమీ లేదేం?"

"ఆఫీసులో టైపు చేసుకుంటారు. హాజరు పట్టిక అని."

"ఖాళీ కాగితం మీద పెట్టమంటావా?"

"ఇంతమంది పెట్టారు కదా. సంచులు ఎవరెవరికి ఇచ్చారో చూపించుకోవాలట."

"ఓహో, టీ పొట్లానికా," అని నవ్వింది. "నువ్వే తెచ్చావు కాబట్టి పెడుతున్నా."

పెట్టింది.

మే పదిహేడున నేసేదా గుట్ట మీద మంద సగం ఈనింది. మిగతా సగం ఆ వాలులోనే అక్కడక్కడ విడిగా నిలబడి, కడుపులు బరువై, నేల వాసన చూస్తూ తిరుగుతున్నాయి. ఆ పొద్దున ఇంజను మోత వినపడింది. గొలుసు చక్రాల బండి ఒకటి వాగు మలుపు తిరిగి గుట్ట మొదట్లోకి వచ్చింది. ఆడదుప్పులు ముందు తలలెత్తాయి. తరవాత ఒకటి కదిలింది. దాన్ని చూసి అన్నీ కదిలాయి. పెదనాన్న వాటిని మళ్ళించడానికి పరుగెత్తాడు. పెద్దమ్మ మాత్రం బండి వైపు నడిచింది. తలుపు తెరుచుకుని డ్రైవరు దిగాడు.

వాడు తీఖోన్. ఆవిడ కొడుకే. కంపెనీలో డ్రైవరుగా చేరి అప్పటికి ఏడాది.

"నువ్వా," అంది పెద్దమ్మ.

"అమ్మా, ముందు నా మాట విను. ఇంకోడైతే నేరుగా మంద మధ్యలోంచి తోలేవాడు. నేను వాగు చుట్టూ తిప్పి తెచ్చాను. మూడు గంటలు ఎక్కువ పట్టింది."

"చుట్టూ తిప్పి తెచ్చావు. తెచ్చావు కదా."

బండిలోంచి ఎర్రజెండాల మేకుల కట్ట పట్టుకుని ఒక పడుచువాడు దిగాడు. సర్వేయరు. ఆవిడ ఎందుకొచ్చావని అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ బావి తవ్వడానికి మీరంతా ఒప్పుకున్నారు కదమ్మా," అని సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. మొదటి పేజీలో, నేసేదా ప్రాంతంలో అన్వేషణ బావికి ఈ కింద సంతకం చేసినవారందరూ సమ్మతిస్తున్నారని అచ్చయి ఉంది. దాని వెనక మా క్లబ్బులో తిప్పిన కాగితాలు. ఆవిడ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మొదటి పేజీ చదివింది. తరవాత పేజీలు తిప్పింది.

"ఈ సంతకం మీది కాదా?" అన్నాడు.

"నాదే," అంది.

వాడి కాళ్ళ దగ్గరే, అప్పుడే పుట్టిన దూడ ఒకటి తడిగా వణుకుతూ లేవబోయి పడుతోంది. తల్లి ఎటో పోయింది. సర్వేయరు వంగి, "దీన్ని ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"ఏం చెయ్యకు. చేత్తో ముట్టుకోకు. ముట్టుకుంటే వచ్చేదైనా రాదు."

నాలుగు మేకులు పాతి వాళ్ళు వెళ్ళిపోయారు. మరి మూడు రోజుల్లో పందొమ్మిది దూడలు చచ్చిపోయాయి. దూడ తోలు చాలా మెత్తన, పసిపిల్లల అంగీలకు అంతకంటే మంచిది లేదు. మా వాళ్ళు ఏ తోలూ పారెయ్యరు. పెద్దమ్మ పందొమ్మిదింటినీ ఒలిచి ఆరబెట్టింది గానీ, ఆ ఏడాది వాటిలో ఒక్కటీ కుట్టలేదు.

మంద కాస్త కుదుటపడ్డాక నాలుగు దుప్పుల బండి కట్టుకుని, రెండు రోజులు ప్రయాణం చేసి ఊళ్ళోకి వచ్చింది. నేను ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది. తోలు అంగీ కూడా విప్పలేదు. నేను గబగబా నీళ్ళు పెట్టి టీ కలిపి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. మా వాళ్ళలో పగవాడి ఇంటికి వెళ్ళినా టీ మాత్రం తాగుతారు.

"నీకు తెలుసా?" అంది.

"ఏంటి పెద్దమ్మా?"

చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహమే చూసింది.

"తెలీదు," అన్నాను. "ఒట్టు. హాజరని నాకు చెప్పారు, నేను నీకు చెప్పాను."

"నేను అడిగాను కదే. పైన ఏమీ లేదేమని అడిగాను."

"అడిగావు."

"మా నాన్నకీ ఏమీ తెలీదు. దారి అడిగారు, చూపించాడు. నిన్ను సంతకాలు అడిగారు, తెచ్చిపెట్టావు. ఆ మనిషి చచ్చేదాకా ఎలా బతికాడో నేను చూశాను. నువ్వూ అలాగే బతుకుతావా?"

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కాసేపటికి, "ఏడుపు తరవాత చూసుకుందాం. చదువుకున్నదానివి. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవడం ఎలాగో చెప్పు," అంది.

నాకు తెలిసింది కొంచెమే. ఆ రాత్రీ మర్నాడూ చట్టం పుస్తకాలు తిరగేశాను. నగరంలో ఉన్న నా పాత స్నేహితురాలికి ఫోన్ చేశాను. చివరకు ఒక చిన్న వాక్యం తయారుచేశాం. "నేను సభకు వచ్చినట్టు మాత్రమే సంతకం చేశాను, బావికి ఒప్పుకోలేదు." ప్రతి మనిషీ ఆ మాట తన చేత్తో రాసి, కింద పేరు పెట్టాలి. మొత్తం ఎనభై ఆరు సంతకాలున్నాయి. మందలవాళ్ళు అప్పటికే ఉత్తరానికి కదిలిపోతున్నారు. వేసవంతా ఒక్కో గుడారం ఒక్కో చోట ఉంటుంది.

"పోస్టులో పంపిస్తావా?" అంది పెద్దమ్మ, ఎగతాళిగా.

అప్పుడు టీ అడిగి తాగింది. ఒక కప్పు అయ్యాక మళ్ళీ పోయించుకుంది.

ఆ వేసవి ఆవిడ యాభై ఆరేళ్ళ వయసులో గుడారం నుంచి గుడారానికి తిరిగింది. దోమలు, బురద, వాగులు. కాగితాలు తడవకుండా చేప తోలు సంచిలో పెట్టి, అంగీ లోపల కట్టుకుంది. ఇంట్లో పని యెఫీం పెదనాన్న మీద పడింది. మా వాళ్ళలో గుడారం వెయ్యడం, విప్పడం ఆడవాళ్ళ పని. ఆయన ఒక్కడే తంటాలు పడుతుంటే పక్కమందల మగవాళ్ళు, "ఏం యెఫీం, ఆడవేషం ఎప్పుడు కట్టావు?" అని ఆటపట్టించేవాళ్ళు.

"నా పెళ్ళాం కాగితాల మంద కాస్తోంది. దానికి కుక్కలు కూడా అక్కర్లేదట," అనేవాడు ఆయన. పెద్దమ్మతో మాత్రం ఒక్కసారే అన్నాడట. "నీకు దొరికేవి దొరుకుతాయి, దొరకనివి దొరకవు. మోకాళ్ళు మాత్రం ఇంటికి తెచ్చుకో."

కొందరు అడిగీ అడగ్గానే రాసిచ్చారు. కొందరు తిట్టారు, ఆవిడను కాదు, నన్ను. ఒక గుడారంలో ముసలమ్మకు రాయడం రాదు. వేలిముద్ర పెట్టడానికి మసి సరిపోలేదని పెనం అడుగు గీకి తెచ్చింది.

ప్రోకోపీ అనే పెద్దాయన మాత్రం రాయనన్నాడు. మా తాతతో కలిసి మందలు కాసినవాడు. ఆయన గుడారంలో పెద్దమ్మ రెండు రోజులుంది. చివరి రోజు ఆయనే ఎత్తాడు.

"అడగవేం? దానికోసమే కదా వచ్చావు."

"నువ్వే చెబుతావని."

"చెబుతాను. చలికాలం మా ఆడమనిషికి కడుపులో నొప్పొచ్చింది. రేడియోలో మూడు రోజులు అరిచాను. ఊరి హెలికాప్టరు వాతావరణం బాలేదంది. కంపెనీవాడిది వచ్చింది. ఆ గాలిలోనే వచ్చింది. అదిగో, బతికి నీకు రొట్టె కాలుస్తోంది. నేనిప్పుడు వాళ్ళకి వ్యతిరేకంగా ఎలా రాయను సావానే?"

"వ్యతిరేకం అని రాయక్కర్లేదు బాబాయ్. ఒప్పుకోలేదని రాస్తే చాలు."

"నీకు రెండూ వేరు. వాడికి రెండూ ఒకటే. రేపు మళ్ళీ నొప్పొస్తే?"

పొయ్యి దగ్గర కూర్చున్న ఆయన భార్య తలెత్తలేదు. పెద్దమ్మ రొట్టె తింది, టీ తాగింది, ఆవిడ చేతులు పట్టుకుని ఆరోగ్యం చూసుకోమంది. బయటికి వచ్చి బండి కట్టుకుంది. "వాదించలేదా?" అని నేను తరవాత అడిగాను. "ఆవిడ బతికుంది కదే. దాన్ని కాదని ఏం వాదిస్తాం," అంది.

సెప్టెంబరు చివర నా బల్ల మీద యాభై తొమ్మిది కాగితాలు పెట్టింది. వాటి పైన నేను నాది పెట్టాను. "ఈ కాగితాలు సభలో తిప్పింది నేనే. తిప్పినప్పుడు పైన ఏమీ రాసి లేదు. హాజరు కోసమని నేనే జనానికి చెప్పాను." రాయడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. పంపడానికి నాలుగు రోజులు పట్టింది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. మావారు అంతకుముందే పోయారు. పాలనా కార్యాలయంలో ఉద్యోగమంటే మా ఊళ్ళో బొగ్గూ కట్టెలూ ఇల్లూ అన్నీ దానితోనే.

నగరంలోని పరిశీలన కార్యాలయానికి కట్ట చేరిన మూడో వారం పెద్దాఫీసరు నన్ను పిలిచి, "ఒంట్లో బాగాలేదని రాసివ్వు అనీస్యా. నీకూ మర్యాద, నాకూ మర్యాద," అన్నాడు. నేను ఒంట్లో బాగానే ఉందన్నాను. ఆ నెలాఖరుకు నా పోస్టే లేకుండా పోయింది. రొట్టెల బట్టీలో పనికి కుదిరాను. ఇప్పటికీ అక్కడే.

నవంబరులో మళ్ళీ సభ పెట్టమని ఆదేశం వచ్చింది. ఈసారి నగరం నుంచి ఇద్దరు అధికారులు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. గ్లేబ్ అర్కాద్యెవిచ్ కూడా వచ్చాడు. ముందురోజు మా ఇంటికే వచ్చి, పెద్దమ్మను పలకరించి, ఆవిడ కోసిపెట్టిన దుప్పి మాంసం రక్తంలో ముంచుకుని, మా వాళ్ళలాగే కత్తిని పెదాల దగ్గర పెట్టి కోసుకుంటూ తిన్నాడు. కొత్తవాళ్ళకు అది రాదు. ఈయనకు వచ్చు. ఆయన చెడ్డవాడని నేను చెప్పలేను.

సభలో పెద్దమ్మ లేచి నిలబడగానే ఆయన, రష్యన్ల మర్యాదలో తండ్రి పేరు కలిపి పిలుస్తూ, నవ్వుతూ అడిగాడు.

"సావానే యెగోరోవ్నా, మీకు స్నోమొబైల్ ఉందా?"

"ఉంది."

"అది దేంతో నడుస్తుంది?"

వెనక వరసల్లో నవ్వారు. కంపెనీలో పనిచేసే మా కుర్రవాళ్ళే. వాళ్ళ మధ్య తీఖోన్ కూర్చున్నాడు. వాడు నవ్వలేదు, తలదించుకున్నాడు.

"పెట్రోలుతో," అంది పెద్దమ్మ. "నువ్వు నిన్న మా మాంసం తిన్నావు. బావుందన్నావు. అలాగని నా మందని తీసుకొచ్చి మీ ఆవిడ కాన్పుగదిలో కట్టేస్తే ఊరుకుంటావా?"

నవ్వు ఆగిపోయింది. మళ్ళీ పుట్టింది, ఈసారి ముందు వరసల్లో. నగరం అధికారి ఒకావిడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ నవ్వలేదు. "టండ్రా పెద్దది అంటారు మీరు. బొమ్మలో పెద్దదే. ఈనడానికి మాకున్నది ఒక్క గుట్ట. అక్కడ మేమే గట్టిగా మాట్లాడం. పోయిన వసంతంలో మీ బండి ఒక్క పూట నిలబడింది, పందొమ్మిది దూడలు పోయాయి. బావి ఎన్నేళ్ళు నిలబడుతుంది? ముప్ఫయ్యా, నలభయ్యా? మా నాన్న మీవాళ్ళకి సరస్సు చూపించాడు. ఎందుకు చూపించానా అని ముప్ఫయ్యేళ్ళు కుమిలాడు. నేను టీ పొట్లం కోసం సంతకం పెట్టాను. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతే నేను చెప్పేది."

అని కూర్చుంది. చేతులెత్తమన్నప్పుడు గుట్ట మీద బావి వద్దని లేచిన చేతులే ఎక్కువ. ప్రోకోపీ తాత ఎటూ చెయ్యి ఎత్తలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచునే చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో నిర్ణయం వచ్చింది. నేసేదా గుట్ట మీద బావి లేదు. దాన్ని నదికి అవతల, పద్నాలుగు కిలోమీటర్ల దూరానికి జరిపారు. ఊరంతా పెద్దమ్మ గెలిచిందంది. ఆవిడ మాత్రం, "రోడ్డు ఎటు వేస్తారట?" అని అడిగింది.

రోడ్డూ గొట్టపు లైనూ గుట్టకు దక్షిణంగా వచ్చాయి, మందలు ఉత్తరానికి పోయే దారికి అడ్డంగా. మొదటి వసంతంలో నది అవతల బావి దగ్గర కాల్చే గ్యాసు మంట వెలుగుకు ఆడదుప్పులు వాలు మీద నిలవలేదు. రెండో వసంతంలో చాలావరకు సముద్రం వైపున్న రాళ్ళ నేలకు పోయి ఈనాయి. అక్కడ గాలి కొడుతుంది. దూడలు నిలవవు. గుట్ట అలాగే ఉంది. తెల్లనాచు బెత్తెడు మందాన పెరిగింది, మేసేవి లేక. ఏడువందల మంద నాలుగువందలకు వచ్చింది. దుప్పులు తగ్గిన ఇద్దరు ముగ్గురు మందలమ్మి ఊళ్ళో కాపురం పెట్టారు. పెద్దమ్మ పెట్టలేదు.

తీఖోన్ ఆ ఉద్యోగం మానలేదు. పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది, కంపెనీ బస్తీలో ఇల్లు తీసుకున్నాడు. అమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా పిండి, టీ, మందులు తెచ్చేవాడు. ఆవిడ తీసుకునేది. మాట మాత్రం వాతావరణం దాటేది కాదు.

కిందటి ఏప్రిల్‌లో బట్టీలో సెలవు దొరికి, నేను కూడా వాళ్ళతో ఉత్తరానికి వెళ్ళాను. గొట్టపు లైను దాటడానికి కంపెనీవాళ్ళు ఒకచోట మట్టి పోసి వాలు కట్టారు. దాని మీద లారీలు తిరిగి తిరిగి మంచు పోయి నల్లమట్టి తేలింది. దుప్పులు ఆ మట్టి మీద కాలు పెట్టవు. మేం పొద్దుటి నుంచి పారలతో మంచు ఎత్తి వాలు మీద పరిచాం. పెదనాన్నకు డెబ్బయ్యేళ్ళు. నాలుగు పారలు ఎత్తి కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. మేం పరిచిన మంచు మీదుగా లారీ ఒకటి పోయేది. మళ్ళీ నల్లమట్టి. పెద్దమ్మ ముందుండే పెంపుడు దుప్పి తాడు పట్టుకుని, దాని చెవిలో ఏదో చెబుతూ, వాలు మొదట్లో నిలబడి ఉండేది. అది ముక్కు దించి వాసన చూసి వెనక్కి లాగేది.

మధ్యాహ్నం దాటాక తీఖోన్ తన గొలుసు బండి వేసుకుని ఆ దారిన వచ్చాడు. కాసేపు ఆపి చూశాడు. తరవాత బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి, ఇంజను ఆపేసి దిగాడు. అవతలి వైపు నుంచి లారీలు వచ్చి ఒకదాని వెనక ఒకటి ఆగాయి. హారన్లు కొట్టారు. తీఖోన్ వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో మాట్లాడాడు. హారన్లు ఆగాయి. వాడి రేడియో మాత్రం బండిలో అరుస్తూనే ఉంది.

"నీకు మాట వస్తుందేమో," అంది పెద్దమ్మ, వాడివైపు చూడకుండా.

"వస్తే వస్తుందిలే. ఇంకో పార ఉందా?"

ముగ్గురం మళ్ళీ మంచు పరిచాం. నాలుగింటికి పెంపుడు దుప్పి కాలు పెట్టింది. పెద్దమ్మ వెనక్కి చూడకుండా నడిచింది. దాని వెనక పది, ఇరవై, ఆ తరవాత వరదలాగా. గిట్టల చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. సగం పైగా దాటాక ఎక్కడో గొట్టం మీద ఇనుము టంగుమంది. వెనకవి చెదిరి తిరిగి దక్షిణానికి పరుగెత్తాయి. వాటిలో ఎక్కువ చూలువే.

తీఖోన్ ఇంకో గంట బండి తియ్యలేదు. చివరికి వాడి పైఅధికారి జీపులో వచ్చాడు. ఆయన మాట్లాడిన మాటలు మాకు వినపడలేదు. తీఖోన్ తలూపి బండి ఎక్కాడు. పెద్దమ్మ స్లెడ్జి మీద కట్టిన గడ్డకట్టిన చేపల మూటలోంచి రెండు పెద్దవి తీసి, కిటికీలోంచి వాడి చేతికిచ్చింది.

"పిల్లకి పులుసు పెట్టమను. ముళ్ళు తీసి పెట్టమను."

"సరే అమ్మా."

లారీలు కదిలాయి. గొట్టానికి అవతల నూటయాభై దాకా మిగిలిపోయాయి. పెదనాన్న ఒక కుక్కను, టీ కెటిలును, చిన్న బండిని తీసుకుని వాటి దగ్గరికి వెనక్కి వెళ్ళాడు. ఇవతల మేమిద్దరం గుడారం వేశాం. ఈనడానికి ఇంకా మూడు వారాలుంది. పెద్దమ్మ పొయ్యి రాజేసి, రేపు ఎటు నుంచి మంచు తేవాలో, ఏ వేళలో లారీలు తక్కువగా ఉంటాయో నాతో లెక్కవేసుకుంటూ కూర్చుంది.